మన రోబో సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం నమస్కారాలు.

ఈ ఏడాది సంఘం కొత్త కిట్లు దాదాపు కొనలేదు. చందాల డబ్బులో ఎక్కువ భాగం బ్యాటరీలకు, ఛార్జర్లకు, మోటార్ డ్రైవర్లకు (మోటారుకు కరెంటు అందించే బోర్డులకు), మల్టీమీటర్లకు వెళ్లింది. ఎందుకు అని సభ్యులు అడగడం సహజం కాబట్టి ముందు అదే చెబుతాం. బడి పిల్లల లైన్ ఫాలోయర్ (నేల మీది గీత వెంట నడిచే బండి) అయినా, ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు అయినా, పరిశోధకుల మొబైల్ రోబో అయినా, ఆగిపోతే అందరి చూపూ ముందు ప్రోగ్రాము మీదికి పోతుంది. తప్పు మాత్రం చాలాసార్లు కరెంటు అందే దారిలో ఉంటుంది. ఆ దారి సరిచేస్తే మూలన పడ్డ పాత రోబోలే మళ్లీ నడుస్తాయి. కొత్తవి కొనడం కన్నా ఉన్నవాటిని నిలబెట్టడం మేలని కార్యవర్గం నమ్మి ఈ పద్ధతి ఎంచుకుంది.

బ్యాటరీ, డ్రైవర్, వైరింగ్

వారాంతపు తరగతులన్నీ ఈసారి ఒకే ప్రశ్నతో మొదలుపెట్టాం: మోటారు కదిలే క్షణంలో రోబోను నడిపే బోర్డుకు ఎన్ని వోల్టులు అందుతున్నాయి? మల్టీమీటర్‌ను బోర్డు 5 వోల్టుల పిన్ను మీద పెట్టి, చక్రాన్ని చేత్తో ఒక్క క్షణం ఆపి చూడమన్నాం. రీడింగ్ పడిపోతే అక్కడే జవాబు దొరికినట్టు.

మొదటి దోషి 9 వోల్టుల చిన్న బ్యాటరీ. పొగ అలారంలాంటి తక్కువ కరెంటు పనులకు అది సరిపోతుంది. లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి మోటారు ఒక్కసారిగా లాగే కరెంటును ఇవ్వలేదు. వోల్టేజీ కూలుతుంది, ఆర్డుయినో బోర్డు రీసెట్ అవుతుంది, రోబో ఒక కుదుపు కుదిపి ఆగి, మళ్లీ అదే కుదుపు కుదుపుతుంది. ఈ లక్షణం కనిపిస్తే కోడ్ ముట్టుకోవద్దు. రెండు 18650 సెల్స్‌ను (మళ్లీ ఛార్జ్ చేసే లిథియం సెల్స్) వరుసగా కలిపి, స్విచ్, ఫ్యూజు పెట్టి వాడండి. నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు వస్తాయి, 6.4కి దిగగానే ఆపేయాలి.

రెండోది ఎల్298ఎన్ డ్రైవర్. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ముందుగా చేతిలో పెట్టేది ఇదే. పాతకాలపు ట్రాన్సిస్టర్ల డిజైన్ కావడంతో ఒక ఆంపియరు దగ్గర దాదాపు రెండు వోల్టులు దానిలోనే వేడిగా పోతాయి. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిపే బండికి ఇక మోటారు దాకా చేరేది ఎంత? దాని బదులు టీబీ6612ఎఫ్ఎన్‌జీ వాడుతున్నాం. ఛానెల్‌కు (ఒక్కో మోటారు దారికి) 1.2 ఆంపియర్లు నిరంతరంగా ఇస్తుంది కాబట్టి పసుపు గేరు మోటార్లకు చాలు. ఒక జాగ్రత్త: ఎస్‌టీబీవై (స్టాండ్‌బై) పిన్నును 5 వోల్టులకు కలపకపోతే చిప్ నిద్రలోనే ఉంటుంది. వైర్లన్నీ సరిగ్గా ఉన్నా మోటారు కదలడం లేదని తెచ్చిన బోర్డులకు ముందుగా చూడాల్సింది ఈ పిన్నే.

సర్వోల (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్ల) సంగతి కూడా ఇంతే. తొమ్మిది గ్రాముల ఎస్‌జీ90 సర్వో చూడ్డానికి చిన్నది, చేయి ఎక్కడైనా ఇరుక్కుంటే మాత్రం అర ఆంపియరు పైనే లాగుతుంది. యూఎస్‌బీ మీద నడిచే ఆర్డుయినో ఊనో బోర్డులో 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. నాలుగు సర్వోల రోబో చేతిని ఆ 5 వోల్టుల పిన్ను నుంచి నడిపిస్తే వణుకుతుంది. వోల్టేజీ తగ్గించే ఎల్ఎం2596 కన్వర్టర్‌ను బ్యాటరీకి కలిపి, మల్టీమీటర్ చూస్తూ దాని స్క్రూ తిప్పి సరిగ్గా 5 వోల్టులకు తెచ్చాకే సర్వోలు తగిలించాలి. ముందే తగిలిస్తే పూర్తి బ్యాటరీ వోల్టేజీ వాటి మీద పడే ప్రమాదముంది. సర్వోల పక్కనే 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టాలి, పోలారిటీ (ప్లస్, మైనస్ కాళ్లు) చూసుకోవాలి. కన్వర్టర్ గ్రౌండును (మైనస్ తీగను) బోర్డు గ్రౌండుతో తప్పక కలపాలి. గ్రౌండు కలవకపోతే సిగ్నల్‌కు ఆధారం ఉండదు, సర్వో ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. మోటారు రెండు కాళ్ల మధ్య ‘104’ అని రాసి ఉన్న చిన్న సిరామిక్ కెపాసిటర్ టంకం వేస్తే బ్రష్షుల నిప్పురవ్వల వల్ల వచ్చే విద్యుత్ అలజడి తగ్గుతుంది.

సెల్స్ కొనేటప్పుడు పై రేపర్ మీది అంకెలు నమ్మకండి. ‘9900 ఎంఏహెచ్’ (సెల్ సామర్థ్యపు కొలత) అని రాసిన 18650 నకిలీదే. ఈ సైజులో మంచి కంపెనీ సెల్‌లో దొరికేది సుమారు 3500 దాకా మాత్రమే. తూకం వేస్తే తేడా తెలుస్తుంది: అసలు సెల్ 45 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, నకిలీలు చాలావరకు బాగా తేలికగా ఉంటాయి. అందుకే సంఘం గదిలో వంటింటి తూకం ఒకటి ఉంచాం. సెల్స్‌ను బండి నుంచి తీసి విడివిడిగా ఛార్జ్ చేస్తున్నాం. 2.5 వోల్టుల కన్నా దిగిపోయిన సెల్‌ను మళ్లీ ఛార్జ్ చేయనివ్వడం లేదు. వాటి కొనలకు టేపు చుట్టి ఈ-వ్యర్థాల సేకరణకు ఇస్తున్నాం, మామూలు చెత్తబుట్టలో వేయకండి.

పిల్లల లైన్ ఫాలోయర్ పోటీ

ట్రాక్ తెల్ల ఫ్లెక్స్ మీద నల్ల ఇన్సులేషన్ టేపుతో వేశాం. ప్రింటు చేయించడం సులువే, కానీ కంటికి నలుపుగా కనిపించేదంతా, బండి సెన్సర్ వాడే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు నలుపు కాదు. కార్బన్ లేని నల్ల సిరాలు, కొన్ని నల్ల చార్టులు ఆ వెలుగును బాగానే తిప్పి పంపుతాయి, సెన్సర్‌కు గీత కనిపించదు. కొత్త సామగ్రి దేనినైనా ముందు ఒక సెన్సర్ కింద పెట్టి తెలుపు రీడింగ్, నలుపు రీడింగ్ రాసుకుని, రెంటికీ మంచి తేడా ఉంటేనే వాడాలి.

గీతను చూసే టీసీఆర్‌టీ5000 సెన్సర్ నేలకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున బాగా పనిచేస్తుంది. పిల్లలు తెచ్చిన బండ్లలో అది వేలెడు ఎత్తున వేలాడుతూ ఉంటుంది, స్పేసర్లు వేసి దింపితే సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగం ఎండ. సూర్యకాంతిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. ఇంట్లో గీత మీద చక్కగా పోయే బండి, కిటికీ పక్కన ఎండపొడ పడ్డ మూలలో దారి తప్పుతుంది. అందుకే పోటీ హాల్లో పరదాలు దింపి, ప్రతి జట్టుకూ పరుగుకు ముందు కాలిబ్రేషన్‌కు (సెన్సర్ రీడింగులు సర్దుకోవడానికి) సమయం ఇచ్చాం.

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న బోర్డు) వాడే జట్లకు రెండు మాటలు. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 (వోల్టేజీని అంకెగా మార్చే రెండో విభాగం) పిన్నులు అనలాగ్ రీడింగులు ఇవ్వవు. సెన్సర్లను 32 నుంచి 39 వరకున్న ఏడీసీ1 పిన్నులకే కలపండి. ఇక దాని పిన్నులు 3.3 వోల్టులవి. శబ్దం పంపి దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ ఎకో పిన్ను 5 వోల్టులు పంపుతుంది కనుక మధ్యలో ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్ల రెసిస్టర్లతో విభజన పెట్టాలి.

పీఐడీ (గీత నుంచి ఎంత తప్పితే ఎంత తిప్పాలో లెక్కించే పద్ధతి) సర్దుబాటుకు అందరికీ ఒకే క్రమం నేర్పాం. దానిలోని కేపీ, కేఐ, కేడీ అంకెలు మూడూ సున్నా పెట్టి, బండి గీత మీద అటూ ఇటూ ఊగేదాకా కేపీ పెంచాలి. తర్వాత ఊపు తగ్గేదాకా కేడీ పెంచాలి. కేఐ చాలా బండ్లకు అక్కర్లేదు. బ్యాటరీ దిగేకొద్దీ అదే అంకెలు పనిచేయవని కూడా చెప్పాం. నిండు బ్యాటరీతో సర్దినవి సాయంత్రానికి మందగిస్తాయి. వాళ్ల లెక్క తప్పు కాదని తెలిశాక పిల్లల ముఖాలు వికసించాయి.

వేసవి శిబిరంలో శబ్దంతో దూరం కొలిచే ప్రయోగం అందరికీ నచ్చింది. గాలి వేడెక్కితే శబ్దవేగం పెరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర దాదాపు 355. చలిలో సర్దిన కోడ్ మన ఏప్రిల్ ఎండలో రెండు మీటర్ల గోడను ఆరేడు సెంటీమీటర్లు దగ్గరగా చూపిస్తుంది. ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి జోడించి, శబ్దవేగం కోసం 331.3కు డిగ్రీకి 0.606 చొప్పున కలిపితే సరిపోతుంది.

బొమ్మల మరమ్మతు

మరమ్మతు రోజులకు కుటుంబాలు పెద్దవాళ్లతో సహా వచ్చాయి. ఆగిపోయిన బొమ్మ చేతికి రాగానే ముందు బ్యాటరీ అర తెరిచి చూస్తాం. పాత సెల్స్ కారితే స్ప్రింగు మీద తెల్లని పొడి, రాగి ఉన్నచోట నీలి ఆకుపచ్చ పెచ్చు కడతాయి. ఆల్కలైన్ సెల్స్ నుంచి కారేది క్షారం కాబట్టి దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి తుడవాలి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. చేతికి గ్లౌజులు ఉండాలి. స్ప్రింగు తినేసి ఉంటే మార్చడమే.

మోటారు తిరుగుతూ చక్రం తిరగకపోతే, టకటకమని చప్పుడు వస్తే, మోటారు ఇరుసు మీది చిన్న పళ్ల చక్రాన్ని భూతద్దంలో చూడండి. ఇరుసు బిగుతుకు నైలాన్ పగిలి, రెండు పళ్ల మధ్య వెంట్రుకంత చీలిక కనిపిస్తుంది. జిగురు వేస్తే నిలవదు. పళ్ల సంఖ్య, ఇరుసు మందం కొలిచి అదే కొలత గేరు వేయాలి.

బటన్ సెల్ ఉన్న బొమ్మల విషయంలో మేం కఠినంగా ఉన్నాం, ఇకముందూ ఉంటాం. బటన్ సెల్ మింగిన బిడ్డకు రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. నాణెమంత లిథియం సెల్ మరీ ప్రమాదకరం. మూతకు స్క్రూ లేని బొమ్మను బాగుచేసి తిరిగి ఇవ్వలేదు. మింగారనే అనుమానం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వాంతి చేయించకూడదు. కొత్త బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది లేనివి కొనవద్దని తల్లిదండ్రులకు మళ్లీ మళ్లీ చెబుతున్నాం.

బొమ్మ చెడకుండానే పని ఆగిపోయే రోజులివి. మాట్లాడే రోబోల తెలివంతా కంపెనీ సర్వర్‌లో ఉంటే, కంపెనీ మూతపడ్డ రోజున బొమ్మ మూగబోతుంది. కాజ్మో, వెక్టర్ రోబోల సంస్థ ఆంకీ 2019లో మూతపడింది. పిల్లల కోసం చేసిన మాక్సీ రోబో సంస్థ 2024 డిసెంబరులో అదే దారి పట్టింది. వెక్టర్ ఉన్నవారికి ఒక మార్గం ఉంది: వైర్-పాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లోనే ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్‌లో నడిపితే అది మళ్లీ మాటలు వింటుంది. లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్ల అమ్మకాలు 2022 చివరితో ఆగినా, వాటి ఈవీ3 కంట్రోలర్ పెట్టెలు పారేయకండి. మైక్రో ఎస్‌డీ కార్డులో ఈవీ3డెవ్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే పైథాన్‌లో నడుస్తాయి. సోనీ ఐబో కుక్క చరిత్రను ఈ సందర్భంగా పిల్లలకు చెప్పాం. 1999లో వచ్చింది, 2006లో తయారీ ఆగింది, 2014లో కంపెనీ మరమ్మతులు కూడా ఆపేసింది. సోనీలో పనిచేసి వచ్చిన ఇంజనీర్లే జపాన్‌లో వాటిని బాగుచేస్తూ వచ్చారు, ప్రాణం పోయినవాటికి గుడిలో సంస్మరణలూ జరిగాయి. యంత్రం మీద మనుషులకు అంత మమకారం ఉంటుందని తెలిసినవాళ్లం కనుకే ఈ పనికి ఇంత సమయం పెడుతున్నాం.

పరిశోధక బృందం

రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్ రాస్ 1 చివరి వెర్షన్ నోయెటిక్‌కు 2025 మే 31తో మద్దతు ముగిసింది. సంఘం మొబైల్ రోబోలను ఉబుంటు 24.04, రాస్ 2 జాజీకి మార్చాం. దీనికి 2029 మే దాకా మద్దతు ఉంది. మారిన వెంటనే ఎదురైన విచిత్రం: ఒకరి కీబోర్డు నొక్కితే గదిలో రోబోలన్నీ కదిలాయి. ఒకే వైఫైలో అందరి డొమైన్ ఐడీ (ఒకరి సందేశాలు మరొకరికి చేరకుండా వేరుచేసే అంకె) సున్నాగానే ఉండటమే కారణం. ఇప్పుడు ప్రతి రోబో మీద 1 నుంచి 101 లోపు దాని అంకె స్టిక్కర్ వేసి ఉంది, మీ ల్యాప్‌టాప్‌లో రాస్_డొమైన్_ఐడీకి అదే ఇవ్వాలి. రోబో గీసే మ్యాపు ఎగిరెగిరి పడితే, ట్రాన్స్‌ఫామ్ (రోబో భాగాల స్థానాల లెక్క) పాతబడిందని హెచ్చరికలు వస్తే గడియారాలు చూడండి. రాస్ప్‌బెర్రీ పై 4లో గడియారపు బ్యాటరీ లేదు. ఇంటర్నెట్ లేని హాల్లో దాని సమయం వెనకబడుతుంది. క్రోనీ అనే ప్రోగ్రాముతో ల్యాప్‌టాప్ సమయానికి జత చేస్తే సర్దుకుంటుంది.

వచ్చే ఏడాదికి

మైక్రోమౌస్ (చిన్న రోబో తనంతట తానే దారి వెతుక్కునే పోటీ) మేజ్, అంటే చిక్కుదారి, కట్టాలని ప్రతిపాదన. పోటీ కొలత 16×16 గదులు, గది 18 సెంటీమీటర్లు, గోడ ఎత్తు 5 సెంటీమీటర్లు. పూర్తి మేజ్‌కు మూడు మీటర్ల చదరం కావాలి, మన గదిలో పట్టదు. కాబట్టి ముందు 8×8తో మొదలుపెడదాం. వానాకాలంలో ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) చెమ్మకు ఉబ్బి గోడలు బిగుసుకుపోతాయి. నేల పలకకు ప్లైవుడ్ వాడి, అంచులకు వార్నిష్ వేయాలని కార్యవర్గం సూచన.

జమాఖర్చుల పట్టిక సభ్యులకు విడిగా పంపుతున్నాం. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టే తీర్మానం ఒకటే: సంఘానికి వచ్చే ప్రతి రోబోకూ బ్యాటరీ దారిలో ఫ్యూజు, చేతికి అందే స్విచ్ ఉండాలి, అవి లేనివాటిని గదిలో ఛార్జ్ చేయకూడదు. ఫ్యూజు హోల్డర్లు స్టోర్‌లో ఉన్నాయి. సమావేశానికి ముందే వచ్చి వేయించుకోవచ్చు.