రాక్ గార్డెన్ జోలికి వెళ్లొద్దు

సంపాదకుల వారికి,

చండీగఢ్ రాక్ గార్డెన్ గోడలో కొంత భాగాన్ని 2025లో రోడ్డు కోసం కూల్చేశారని తెలిసి మనసు చివుక్కుమంది. దాన్ని కట్టిన నేక్‌చంద్ శిల్పకళ చదువుకున్నవారు కాదు, రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం ఊళ్లు పడగొడితే మిగిలిన శిథిలాలను సైకిల్ మీద మోసుకొచ్చి, 1957 నుంచి అడవిలో ఎవరి కంటా పడకుండా బొమ్మలు చేశారు. పగిలిన మట్టిగాజుల ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఆడవాళ్ల బొమ్మలకు రంగురంగుల బట్టలు తొడిగారు. ఏ కాలేజీలో నేర్పుతారండీ ఆ పనితనం! సంగతి బయటపడ్డాక అక్రమ కట్టడమని కూల్చబోతే జనం అడ్డుపడ్డారు. 1976లో తోట తెరిచారు, 1984లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2015లో కన్నుమూశారు. మిగిలిన ప్రతి గోడకూ కేంద్రం వెంటనే చట్టపరమైన రక్షణ కల్పించాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు