సోలంగ్ శిబిరానికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు ముగిసిన తర్వాతి వారం మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 22 మంది హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీకి ఎగువనున్న సోలంగ్ లోయకు, కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు బిగించుకుని మంచు మీద జారడం నేర్పే స్కీయింగ్ శిబిరానికి బయలుదేరుతున్నారు. గత శనివారం సమావేశంలో మీరు అడిగిన ప్రశ్నల్లో సగానికి పైగా చలి గురించే కావడంతో, ఈ నెల లేఖలో మిగిలిన విశేషాలన్నీ పక్కన పెట్టి ఆ సంగతులే రాస్తున్నాను.

పొగమంచుకూ, గడ్డిపరక మీది మంచుబొట్టుకూ, కొండల మీద దూదిలా రాలేదానికీ మనం వాడేది ఒక్కటే మాట. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వాకిట్లోకి వెళ్లే పిల్లను "మంచులో తిరగకు, జలుబు చేస్తుంది" అని వెనక్కి పిలిచే అలవాటు మనది. విశాఖ పిల్లలకు చలి అంటే లంబసింగిలో గడిపిన ఒక ఉదయమే కాబట్టి మీ బెంగ నాకు అర్థమవుతుంది. అయితే సోలంగ్‌లో పిల్లలను నిజంగా ఇబ్బంది పెట్టేది తడి. కొత్తవాళ్లు స్కీలు తొడుక్కుని వాలు ఎక్కేటప్పుడు ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ చెమట నూలు బనియనులో ఇంకిపోయి, తమ వంతు కోసం వరుసలో నిలబడిన కాసేపట్లోనే ఒంటి వేడినంతా లాగేస్తుంది. నిరుడు ఒక అబ్బాయి, వద్దన్నా వినకుండా, జీన్స్ వేసుకొచ్చాడు. పదేపదే మంచులో పడి తడిసిన ఆ ప్యాంటును సాయంత్రం బస గుమ్మం బయట ఆరేస్తే, తెల్లారేసరికి అట్టముక్కలా బిగుసుకుని గోడకు ఆనిస్తే దానంతట అదే నిలబడింది. పిల్లలు పగలబడి నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు.

అందుకని ఒంటికి అంటుకుని ఉండేందుకు రెండు జతల థర్మల్స్, వాటి మీదకు ఒక ఉన్ని స్వెట్టరు, పైన నీరు ఇంకని జాకెట్టు, ప్యాంటు పంపండి. ఒకే ఒక్క లావుపాటి కోటు కంటే ఇలా పొరలు పొరలుగా వేసుకోవడమే మేలు, ఉక్కగా అనిపిస్తే ఒకటి తీసేయవచ్చు. ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు, చేతితొడుగులు రెండు జతలు తప్పనిసరి. మనాలీ నుంచి సోలంగ్ వెళ్లే దారి పొడవునా కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. నిరుడు అలాంటి ఒక చోట తీసుకున్న బూట్లు వదులై ఒక అమ్మాయి మడమ ఒలిచిపోయింది, రెండు రోజులు ఆమె కూర్చుని చూడవలసి వచ్చింది. ఈసారి స్కీ బూట్లను శిబిరంలో ఉపాధ్యాయుల సమక్షంలో తొడిగి చూశాకే తీసుకుంటాం.

చలికంటే మీరెవరూ అడగని ఎండ గురించి నాకు ఎక్కువ ఆందోళన. కొత్తగా పడిన మంచు, తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకు తిప్పికొట్టగలదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ కిరణాల తీవ్రత కూడా, వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు చొప్పున, పెరుగుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా చర్మం కమిలేది అందుకే. బీచ్ రోడ్డులో దొరికే నల్ల కళ్లద్దాలు పంపకండి. కిరణాలను ఆపని ముదురు రంగు అద్దం వెనుక కంటిపాప మరింత విచ్చుకుంటుంది కనుక వాటివల్ల హానే ఎక్కువ.

సముద్రమట్టాన పెరిగిన పిల్లలు సుమారు 2,500 మీటర్ల ఎత్తుకు వెళ్తున్నారు కాబట్టి, మొదటి రోజంతా ఇంకాస్త దిగువనున్న మనాలీలోనే ఏ పనీ పెట్టకుండా ఉంచుతాం. చలిలో దాహం తెలియదు, అందువల్ల గంటకోసారి నీళ్లు తాగించే బాధ్యత వ్యాయామోపాధ్యాయులది.

ఇక వాళ్లు నేర్చుకునేది. మొదటి రెండు రోజుల్లో మీకు చూపించదగ్గ వీడియో ఒక్కటీ రాదని ముందే చెబుతున్నాను. ఒక్క స్కీ మీద నడక, అడ్డంగా అడుగులేస్తూ వాలు ఎక్కడం, పక్కకు ఒరిగి పడటం, లేవడం, ఇంతే. లేవడమే అన్నిటికంటే కష్టం. రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా తిప్పుకోకుండా లేవబోతే, కాళ్లు జారి మళ్లీ కూలబడవలసిందే. ఆ తర్వాతే స్నోప్లౌ, అంటే ముందు మొనలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా, గుడిసె కప్పు ఆకారంలో స్కీలను పెట్టి వేగం తగ్గించడం. ఆగడం వచ్చిన పిల్లలనే పై వాలుకు తీసుకెళ్తారు. పదమూడేళ్ల వయసులో, 2014 మే 25న, ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణను ఒక తండ్రి గుర్తుచేశారు. సంతోషమే, కానీ ఆమె వెనుక నెలల తరబడి కఠినమైన శిక్షణ ఉంది, మనది పది రోజుల పరిచయం మాత్రమే. తొడలకు కాస్త బలం రావడానికి ఈలోగా ప్రతి ఆదివారం పిల్లలను సింహాచలం మెట్లు ఎక్కిస్తున్నాం.

సెల్‌ఫోన్లు వద్దు. చలికి బ్యాటరీ ఎలాగూ త్వరగా దిగిపోతుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఉపాధ్యాయురాలు తల్లిదండ్రుల గ్రూపులో సందేశం పెడతారు. మంచు ఎక్కువగా కురిస్తే దారి మూసేస్తారు కనుక తిరుగు ప్రయాణం ఒక రోజు ఆలస్యం కావచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. అరిసెలు, జంతికలు నిరభ్యంతరంగా పంపండి, ఆవకాయ మాత్రం గాజు సీసాలో వద్దు.

చివరిగా ఒక మాట. ఆరోగ్య పత్రంలో బరువు గడిని చాలామంది ఉజ్జాయింపుగా నింపారు. ఒక పత్రంలోనైతే "40 లేదా 45" అని ఉంది. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో ఒక స్ప్రింగు ఉంటుంది. పిల్ల పడినప్పుడు అది సరైన సమయంలో ఊడిపోతేనే కాలి ఎముక దక్కుతుంది, దాన్ని ఎంత బిగించాలో బరువు, ఎత్తు, బూటు కొలత, ఆట నైపుణ్యం చూసి నిర్ణయిస్తారు. మరీ బిగిస్తే పడినా ఊడదు, వదులైతే నడివాలులో ఊడిపోతుంది. కాబట్టి దయచేసి ఈ వారం బిడ్డను కాటా మీద నిలబెట్టి తూచి, ఎత్తు కొలిచి, శుక్రవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు రాసి పంపండి. ఇంట్లో కాటా లేనివారి కోసం బడి ఆఫీసు గదిలో ఒకటి పెట్టించాను.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు