2024-25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

గత జూన్ నుంచి ఈ మే వరకు రక్తదాన శిబిరం, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది మన ఇన్‌స్టాగ్రామ్ పేజీ గురించే.

సెప్టెంబరు 10, ఆత్మహత్యల నివారణ దినానికి పెద్దవాళ్లం కూర్చుని పోస్టర్ తయారుచేశాం. సూర్యోదయం బొమ్మ, కింద ఒక సూక్తి. మనమే లైకులు కొట్టుకున్నాం, పిల్లలెవరూ చూడలేదు. అక్టోబరు 10, మానసిక ఆరోగ్య దినానికి పని మన డిగ్రీ పిల్లలకే వదిలేశాం. ఇంటర్ తప్పి సప్లీ రాసిన ఒక అబ్బాయి, హాస్టల్లో రాత్రిళ్లు నిద్రపట్టక టెన్షన్‌తో గడిపిన ఒక అమ్మాయి, ఇంట్లో మాట్లాడినట్టే నిమిషంలోపు మాట్లాడారు. ఆ వీడియోలు కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లోకి వాటంతట అవే వెళ్లాయి.

ప్రతి వీడియో చివర, మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఫోన్లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416 ఉంచాం. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోయినవాళ్ల ఫొటోలు పెట్టకూడదు, ఎలా చనిపోయారో చెప్పకూడదు అని ముందే నియమం పెట్టుకున్నాం. ప్రతి స్క్రిప్టు చదివి దిద్దిన డాక్టరమ్మ గారు రూపాయి తీసుకోలేదు. వారికి సంఘం రుణపడి ఉంది.

ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ సాయంత్రం పేజీకి ఒక మెసేజ్ వచ్చింది: "అన్నా, ఇంటికి ఎలా వెళ్లాలో తెలియట్లేదు." మన అమ్మాయి సలహాలేమీ ఇవ్వలేదు. ఎక్కడున్నావని అడిగి, 14416కి కలిపించి, వాళ్ల అక్క వచ్చేదాకా ఫోన్‌లోనే ఉంది. మేలో ఆ బాబు సప్లీ రాశాడు. నా పదవీకాలంలో ఇంతకన్నా గర్వంగా చెప్పుకోగలిగిన పని లేదు.

అయితే ఆ రాత్రి మెసేజ్‌లు చూడడానికి పేర్లిచ్చిన పద్నాలుగు మందిలో వచ్చింది ముగ్గురే. మిగతావారి ఫోన్లు స్విచాఫ్. ఒక పిల్లాడి మెసేజ్ తెల్లారేదాకా ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. హాస్టళ్లలో కౌన్సెలర్ల కోసం మూడు అర్జీలు పెట్టాం. అధికారులు తీసుకున్నారు, జవాబివ్వలేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, నకలు నోటీసు బోర్డులో ఉంది. వీడియోలకు ఫోన్ స్టాండు, మైకు తప్ప ఖర్చు లేదు. గది ఇచ్చిన గ్రంథాలయం వారికి, టీ పంపిన వీధి చివరి హోటల్ వారికి, పిల్లల్ని నమ్మి పంపిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు.

వచ్చే ఫలితాల రోజుకు రాత్రి డ్యూటీ పట్టిక బల్ల మీద ఉంది. తప్పకుండా రాగలిగినవారే అందులో పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి