మంత్రి గారూ, మా పిల్లల ప్రాజెక్టులు బీరువాలో ఉన్నాయి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో మూసీకి దగ్గరలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక బీరువా నిండా చుట్టి రబ్బరుబ్యాండు వేసిన చార్టులున్నాయి. ఫార్మేటివ్ మార్కులు వేశాక వాటిని విప్పినవాళ్లు లేరు. సగం చార్టుల్లో బొమ్మ ఒకటే, సందు చివరి జిరాక్స్ షాపులో తీసిన ప్రింటు. పిల్లల్ని తప్పుపట్టను. చదివేది సారొక్కడేనని, ఆయన కూడా పేజీలే లెక్కపెడతాడని వాళ్లకు తెలుసు.

కిందటేడాది తొమ్మిదో తరగతికి 1908 వరద గురించి ప్రాజెక్టు ఇచ్చాను. సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికిన కథ పిల్లలకు భలే నచ్చింది. అయితే ఈసారి రాసినదాన్ని ఆదివారం పొద్దున బస్తీ కమ్యూనిటీ హాల్లో అందరి ముందూ చదవాలన్నాను. అంతే, క్లాసంతా టెన్షన్.

ఒకమ్మాయి ఆ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల గురించి చదివింది. వెనక కూర్చున్న ఒక తాత లేచి, "రెండెందుకు కట్టిన్రు బిడ్డా? ఒక్కటి సాలకపోయెనా?" అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తట్టలేదు. మర్నాడు అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్లి తెలుసుకొచ్చింది. 1920లో పూర్తయిన గండిపేట మూసీ మీద, 1927 నాటి హిమాయత్‌సాగర్ దాని ఉపనది ఈసీ మీద. రెండు నీళ్లనూ ఊరి పైనే ఆపాలి కాబట్టి రెండు కట్టలు. ఆ పేజీ చింపేసి మళ్లీ రాసి, కాగితం పట్టుకుని తాత ఇంటికే వెళ్లింది. నేను ఎర్రపెన్నుతో ఎన్నిసార్లు గీసినా ఒక్క వాక్యం తిరగరాయని పిల్ల!

ఇదేమీ ఈ ఊరికి కొత్త కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు, మన రేడియో అన్నయ్య, అక్కయ్య, ఆకాశవాణిలో పిల్లల చేతనే మాట్లాడించారు, పాడించారు. ఇళ్లలో పెద్దలు కూడా చెవులప్పగించి విన్నారు.

రెండోసారి శాఖా గ్రంథాలయంలో పెడదామనుకున్నాం. అనుమతి కాగితం టేబుళ్లు తిరిగింది, ఈలోగా పరీక్షలొచ్చాయి. తనిఖీకి వచ్చిన ఒకాయన "హాల్లో చదివితే రికార్డేది?" అని అడిగారు. బీరువా చూపించాను, సంతృప్తిపడ్డారు.

కాబట్టి డబ్బులు అడగడం లేదు. టర్ముకొకసారి బస్తీ హాల్లోనో గ్రంథాలయంలోనో చదివితే దాన్నే ప్రాజెక్టు వర్కుగా లెక్కించమని ఒక ఉత్తర్వివ్వండి. అనుమతికి హెడ్మాస్టర్ సంతకం చాలనండి. పోటీలు, బహుమతులు, ఫ్లెక్సీలు వద్దు. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టమని మాత్రం దయచేసి అడగొద్దు, పిల్లలు మళ్లీ కెమెరా కోసమే నిలబడతారు. యాన్యువల్ డేలో బట్టీపట్టి అప్పజెప్పే స్పీచ్ కూడా నేనడిగేది కాదు. ఎదుటివాడు ప్రశ్న వేయగలగాలి, పిల్ల "తెలీదు, కనుక్కుని చెప్తా" అనగలగాలి.

ఈసారి మా పిల్లలు బస్తీకి మంచినీళ్లు ఎక్కడినుంచి వస్తాయో చదువుతారు. తాత వస్తానన్నాడు. మీరొచ్చినా కుర్చీ ఉంది, కాకపోతే ఆయన పక్కనే, వెనక వరసలో.

భవదీయుడు,
ఒక సోషల్ టీచర్, హైదరాబాద్