మొహాలు లేని నాటకానికి పోస్టరు

టీనగర్, చెన్నై

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం చేరింది. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందన్న ముక్క చదివాక మనసు కుదుటపడింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఎండల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఈమధ్య మా వీధిలోని తెలుగు పిల్లలు నలుగురైదుగురు కలిసి అరగంట శ్రవ్య నాటకం ఒకటి రికార్డు చేశారు. పగలంతా ఆఫీసుల్లో పనిచేసి, రాత్రిళ్ళు కిటికీలకి దుప్పట్లు కట్టుకుని చేశారురా. చాలా బాగా వచ్చింది. అయితే దాన్ని జనానికి ఎలా చెప్పాలన్న దగ్గర పెద్ద చర్చ మొదలైంది. వేషాలు కట్టి, ఫొటోలు దిగి, సినిమా పోస్టరులాంటిది తయారుచేసి తెచ్చారు. నేను ఫొటోలు వద్దన్నాను. ‘ఫొటో లేకపోతే వాట్సాప్‌లో ఎవరు ఆగి చూస్తారు అంకుల్?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆలోచించు. విజయవాడ రేడియో కేంద్రం నుంచి ‘గణపతి’ నాటకం వస్తుంటే నండూరి సుబ్బారావు గారి గొంతు వింటూ మనం ఎవరికి వాళ్ళం ఒక గణపతిని మనసులో తయారుచేసుకున్నాం కదా. ముందే పేపర్లో ఫలానా మొహం చూపించి, ఇదిగో ఇతనే గణపతి అని చెప్పి ఉంటే, నీ గణపతి నీకు దక్కేవాడా?

మరి పూర్వం రేడియో నాటకాల గురించి జనానికి ఎలా చెప్పేవాళ్ళో చూద్దామని ఈ విషయం పట్టుకుని కూర్చున్నాను. భలే సంగతులు దొరికాయి.

1923 మొదట్లో లండన్ పత్రికల యజమానులు, బీబీసీ కార్యక్రమాల పట్టిక ఊరికే వేయం, ప్రకటనలకి కట్టినట్టే డబ్బు కట్టమని పట్టుబట్టారు. అప్పుడు సెల్ఫ్రిడ్జ్ అని అన్ని సరుకులూ అమ్మే పెద్ద దుకాణం ఆయన, పేపర్లో తన షాపుకి కొనుక్కున్న జాగాలోనే ఆ రోజు రేడియోలో ఏమేం వస్తాయో అచ్చు వేయించాడు. ఆ పేపరుకి గిరాకీ పెరిగింది. మిగతావాళ్ళు పట్టు సడలించారు. కానీ ఈ గొడవతో బీబీసీ అధికారి జాన్ రీత్‌కి మనకే ఒక పత్రిక ఉంటే పోలేదా అనిపించింది. అదే సెప్టెంబరు 28న మొదలైన ‘రేడియో టైమ్స్’. కార్యక్రమం పేరు, వేళ, ఈ రెండు ముక్కల కోసం జనం పేపరు కొన్నారంటే, ప్రకటనకి అంతకంటే బలం ఏం కావాలి చెప్పు?

మన దగ్గర ఆకాశవాణి పత్రికలుండేవి. తెలుగులో ‘వాణి’, తమిళంలో ‘వానొలి’. నాటకం పేరు, రాసినవాళ్ళు, వేళ వాటిలో వేసేవారు. 1967 దాకా ఆకాశవాణిలో వ్యాపార ప్రకటనలే లేవు కాబట్టి, నాటకాన్ని భుజాన మోసే సబ్బుల కంపెనీ, టీ పొడి కంపెనీ ఏదీ ఉండేది కాదు. దినపత్రికలో రేడియో కార్యక్రమాల కాలమ్, పొద్దున్నే అనౌన్సరు చదివే ఆనాటి వివరాలు, వీటితోనే ఊళ్ళకి ఊళ్ళు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రేడియో దగ్గరికి చేరేవి.

మద్రాసు కేంద్రం పుట్టింది 1938 జూన్ 16న, ఇక్కడికి దగ్గర్లోనే, ఎగ్మోరు మార్షల్స్ రోడ్డులో. విజయవాడ కేంద్రం వచ్చింది 1948లో. అంటే అన్నాళ్ళూ కోస్తా వాళ్ళు కూడా తెలుగు నాటకం కోసం మద్రాసు వైపే చెవి పెట్టాలి. ముద్దుకృష్ణ రాసిన ‘అనార్కలి’ నాటకం ఆ కొత్తల్లోనే ఇక్కణ్ణుంచి వెళ్ళింది. అంతకుముందు మద్రాసు కార్పొరేషన్ వాళ్ళు రేడియో నడిపిన రోజుల్లో మెరీనాలోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు పెట్టేవారు. ఇంట్లో పెట్టె లేనివాడు కూడా గాలికి తిరుగుతూ తిరుగుతూ ఆగి వినేవాడు. ఆ ఆగిపోయిన గుంపుని మించిన పోస్టరు ఏముంటుంది?

అదే 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అనే నటుడి బృందం రేడియోలో మార్స్ గ్రహం వాళ్ళు దాడికి వచ్చినట్టు వార్తల ఫక్కీలో నాటకం వేసింది. ఆ రోజు న్యూయార్క్ టైమ్స్ పట్టికలో అది నాటకం అని అచ్చయ్యే ఉంది. అయినా మధ్యలో రేడియో పెట్టినవాళ్ళలో కొందరు నిజమనుకుని హడలిపోయారు. పేపరు చూడని శ్రోత ఎప్పుడూ ఉంటాడు. అందుకే నాటకం మధ్యలో కూడా పేరు చెబుతూ ఉండాలి. మా పిల్లలకి ఈ మాట గట్టిగా చెప్పాను, విన్నారు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. 1930లో స్ట్రీట్ అండ్ స్మిత్ అని న్యూయార్క్ ప్రచురణకర్తలు తమ డిటెక్టివ్ పత్రిక అమ్మకాల కోసం ఒక రేడియో కార్యక్రమం పెట్టారు. అందులో కథలు పరిచయం చేసే గొంతుకి ‘షాడో’ అని పేరు పెట్టారు. జనం పత్రికల దుకాణాలకి వెళ్ళి, అసలు పత్రికని వదిలేసి, ఆ షాడో పత్రిక ఇమ్మని అడగడం మొదలుపెట్టారట! అలాంటిది లేదు. చేసేది లేక 1931లో ఆ పేరుతోనే కొత్త పత్రిక తెచ్చారు. పత్రికని అమ్మడానికి వచ్చిన గొంతే చివరికి పత్రికని పుట్టించింది, చూశావా! ఆ గొంతుకి ఫొటో ఎక్కడుంది?

అయినా పిల్లల మాటలోనూ నిజముంది. ఇవాళ ఫోనులో బొమ్మ లేనిదే వేలు ఆగదు. అందుకని మధ్యేమార్గంగా, పోస్టరు మీద కథలో కీలకమైన ఒక వస్తువు బొమ్మ వేశాం, పాత ఇనప్పెట్టె తాళంచెవి. కింద నాటకం పేరు, రాసినమ్మాయి పేరు, నటుల పేర్లు, వినే వేళ. వేళ మాత్రం పెద్ద అక్షరాల్లో. ఎప్పుడైనా వినొచ్చు అంటే ఎవరూ ఎప్పుడూ వినరు. ఆదివారం మూడింటికి అంటే ఇంకొకరితో చెప్పుకుని మరీ కూర్చుంటారు. దాంతోపాటు ఇరవై సెకన్ల ఆడియో ముక్క పంపాలనుకుంటున్నాం. తండ్రి ‘తాళం నీ దగ్గరే ఉందని నాకు తెలుసు’ అంటాడు, కూతురు జవాబు చెప్పబోతుండగా కట్.

ఇక్కడే తేలడం లేదు. కూతురు ఊపిరి పీల్చిన చప్పుడు దాకా ఉంచి ఆపాలా, తండ్రి మాట దగ్గరే ఆపాలా? నేను ఊపిరి ఉండాలంటున్నాను. రికార్డింగు చూసే కుర్రాడు ఫోను స్పీకర్లో అది వినపడదు అంటున్నాడు. రెండూ నీకు వాట్సాప్‌లో పంపుతున్నాను. ఒకసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకసారి అవి లేకుండా విను. చెల్లెమ్మకి కూడా వినిపించు, తన చెవి మీద నాకు నమ్మకం ఎక్కువ. శుక్రవారంలోగా చెబితే శనివారం అందరికీ పంపించేస్తాం.

నీ
వాసు