పీట మీంచి లేవడం

పర్లాకిమిడి

ఒరే సూరీ,

వయసు వెనక్కి తగ్గించే మాత్రలు వాడమంటావా అని అడిగావు. వద్దురా. ఆ డబ్బు దాచుకో. రాపమైసిన్ అనే మందు ఎలుకల ఆయుష్షు పెంచిందని 2009లో తేలిన మాట నిజమే. మనుషుల్లో పెంచుతుందని ఇంతవరకూ రుజువు కాలేదు. అసలది కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు. మంచిగా ఉన్న ఒంట్లోకి దాన్ని పంపడమంటే నాకు భయం.

నువ్వు ముందు పీట వేసుకుని కూర్చో. చెయ్యి ఆనించకుండా లేవగలవేమో చూడు. బ్రెజిల్ డాక్టర్లు నడివయసు దాటినవాళ్లని ఇలాగే నేల మీద కూర్చోబెట్టి, లేపి చూసి, ఆ తర్వాత కొన్నేళ్లు గమనించారు. చేతుల మీదా మోకాళ్ల మీదా బాగా ఆనుకుని లేచినవాళ్లలోనే చావులు ఎక్కువని 2012లో రాశారు. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడలేనివాళ్లలోనూ అంతేనని 2022లో చెప్పారు. లేవలేకపోతే చావు దగ్గరపడిందని కాదు, కంగారు పడకు. కాళ్లలో కండ ఎంతుంది, ఒళ్లు తూలకుండా నిలుస్తోందా అనేది అందులో తెలిసిపోతుంది. మా అమ్మమ్మ కూరలు తరిగినా, బియ్యం చెరిగినా, అన్నం తిన్నా నేల మీదే. మనకి సోఫాలొచ్చాయి, ఆ లేచి కూర్చోవడం పోయింది.

నడుస్తున్నానని రాశావు, సంతోషం. నేనూ పొద్దున్నే మహేంద్రతనయ ఏటి వైపు వెళ్లొస్తాను. కానీ నడక ఒక్కటే చాలదురా. వారానికి కనీసం 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులైనా కండకి పని చెప్పమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. జిమ్ముకి పోనక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు పట్టకుండా పదిసార్లు లేచి కూర్చో, గోడకి చేతులు ఆనించి తొయ్యి, మెట్లెక్కు. అరవై దాటాక కండ తొందరగా కరిగిపోతుంది. బాత్‌రూమ్‌లో జారి తుంటి విరిగాక మళ్లీ మామూలుగా తిరగలేకపోయిన పెద్దవాళ్లని మన వీధిలోనే ఎంతమందిని చూశాం!

తిండి సంగతి. సంతకి కొండ మీంచి సవరలు చోళ్లు (అదే, రాగులు), కందులు తెస్తారు. ఒడిశా ప్రభుత్వం కూడా 2017 నుంచి చిరుధాన్యాలని బాగా ప్రోత్సహిస్తోంది. చోడంబలి తాగు, కాల్షియం దండిగా ఉంటుంది. అయితే కండకి మాంసకృత్తులు కావాలి, అంబలితో ఆ లోటు తీరదు. మన కంచంలో అన్నం గుట్టలా ఉంటుంది, పప్పు గరిటెడు. దాన్ని కాస్త తారుమారు చెయ్యి. ఒంటి బరువు కిలోకి రోజుకి గ్రాము చొప్పున మాంసకృత్తులు అందేలా పప్పు, గుడ్డు, చేప, పెరుగు తిను. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచకూడదు.

కిడ్నీ అంటే గుర్తొచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనకి ఎంత దూరం? అక్కడ ఎంతోమందికి వచ్చిన కిడ్నీ జబ్బుకి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. మనమైతే మోకాలి నొప్పికి నెలల తరబడి మందుల షాపులో అడిగి పెయిన్ కిల్లర్లు వేసుకోవడం మానాలి. అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. బీపీ కూడా అంతే. ఏ నొప్పీ లేకుండా గుండెనీ, మెదడునీ, కిడ్నీలనీ లోలోపల పాడుచేస్తుంది. ఉప్పు రోజుకి ఐదు గ్రాముల లోపే ఉండాలట. ఆవకాయ, ఎండుచేపలు ఇష్టంగా తినే మనకి అది కష్టమే, అయినా తగ్గించాలి.

మీ నాన్నగారికి చెవులు సరిగ్గా వినిపించడం లేదన్నావు. వయసు అంతేలే అని వదిలెయ్యకు. వినికిడి తగ్గడం మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో ఒకటని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో కూడా చెప్పింది. వాళ్లు లెక్కవేసిన 14 కారణాలనీ సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులు రాకుండానో, ఆలస్యంగా వచ్చేలానో చేయొచ్చట. మిషను పెట్టించు, నలుగురితో కూర్చుని మాట్లాడతారు.

ఈ వారంలోనే బీపీ, మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల సంగతి తెలియడానికి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకో. నడుము చుట్టుకొలత కూడా చూసుకో, మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు. మా చెల్లెమ్మకీ చేయించు. రిపోర్టులు రాగానే ఫొటో తీసి పంపు.

నీ
గోపి