దసరా రద్దీ: రోడ్డు వెడల్పు కాదు సమస్య

సంపాదకులు గారికి,

దసరా వచ్చిందంటే హైదరాబాద్–వరంగల్ రహదారిని ఇంకా వెడల్పు చేయాలన్న మాట మొదలవుతుంది. ఘట్‌కేసర్ దాటాక నాలుగు వరుసల రోడ్డు ఉండనే ఉంది. దసరాకు ముందొచ్చే సద్దుల బతుకమ్మ ముందు రోజు సాయంత్రం బండ్లు ఆగిపోయేది నాలుగైదు చోట్లే. వాటిలో సగం మనమే తప్పించుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఉప్పల్–నారపల్లి. 2018లో మొదలైన ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగి, ఉన్న రోడ్డునే ఇరుకు చేశాయి. పైగా వరంగల్ బస్సుల కోసం జనం ఉప్పల్‌లో రోడ్డు మీదే నిలబడతారు, బస్సూ అక్కడే ఆగుతుంది. ఈసీఐఎల్ వైపు వాళ్లు కీసర దగ్గర, ఎల్‌బీ నగర్ వైపు వాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్‌లో దిగితే ఈ ముక్క మొత్తం తప్పుతుంది. అల్వాల్, శామీర్‌పేట వాళ్లకు అసలు ఈ రోడ్డే అక్కర్లేదు. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, అక్కణ్నుంచి హుస్నాబాద్, ఎల్కతుర్తి మీదుగా హనుమకొండ చేరవచ్చు. అయితే ఈ దారి దసరాకే. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి మల్లన్న భక్తులతో అదీ నిండిపోతుంది.

తర్వాత బీబీనగర్ దగ్గరి గూడూరు, జనగామ దాటాక కోమళ్ల టోల్‌గేట్లు. ఫాస్టాగ్ చదవని ఒక్క కారు వరుసలో ఇరుక్కుంటే దాని వెనకున్నవన్నీ పక్క వరుసలోకి దూరతాయి, అప్పుడు రెండూ ఆగుతాయి. కారణాలు చిన్నవే: ఖాతాలో డబ్బు లేకపోవడం, కేవైసీ (గుర్తింపు వివరాల నమోదు) పూర్తికాక ట్యాగ్ బ్లాక్‌లిస్టులో పడటం, అద్దానికి అతికించకుండా చేత్తో పట్టుకుని చూపించడం. రీచార్జి గేటు ముందు కాదు, ఇంట్లోనే చేసుకోవాలి. ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉన్నవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి: అది జాతీయ రహదారుల టోల్‌గేట్లకే. ఔటర్ రుసుము మామూలు ఖాతాలోంచే పోతుంది కాబట్టి అందులోనూ డబ్బుండాలి.

రాయగిరి దగ్గర యాదగిరిగుట్టకు మళ్లే బండ్లు వేగం తగ్గిస్తాయి, సెలవు రోజు పొద్దున మరీ ఎక్కువ. ఇక ములుగు, పరకాల వెళ్లేవాళ్లు పండుగ పూట కాజీపేట ఫాతిమానగర్ వంతెన, హనుమకొండ చౌరస్తా మీదుగా ఎందుకు వెళ్తారో అర్థం కాదు. కరుణాపురం దగ్గర బైపాస్ ఎక్కితే ఊళ్లోకి రాకుండానే ఆరెపల్లి వైపు తేలతారు.

దసరా నాటికి మక్కలు (మొక్కజొన్న) కూడా రోడ్డెక్కుతాయి. ఒక వరుస ఆరబోతకు పోతుంది, అంచున పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు. రైతును తిట్టి లాభం లేదు, మార్కెట్ యార్డుల్లో కల్లాలు చాలకనే కదా ఈ పని. అర్ధరాత్రి బయల్దేరడం కన్నా తెల్లవారుజామున అయిదుకు కదలడం మేలు అనేది ఇందుకే. తిరుగు ప్రయాణానికి ఆదివారం సాయంత్రం వద్దు. భోజనం కాగానే బయల్దేరండి, లేదంటే సోమవారం తెల్లవారుజామున.

కారు అవసరం లేనివాళ్లకు సికింద్రాబాద్–కాజీపేట రైలే నయం. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది, బతుకమ్మ తేదీలు క్యాలెండర్‌లో ఎలాగూ ఉంటాయి.

అధికారులు చేయాల్సింది కోట్ల పని కాదు. పండుగకు ముందు రెండు సాయంత్రాలు నాలుగు నుంచి పది దాకా లారీలను ఔటర్ దగ్గరే ఆపాలి. ఉప్పల్‌లో బస్సులు ఎక్కే చోటును రోడ్డు మీంచి ఏదైనా మైదానంలోకి మార్చాలి. రెండు టోల్‌గేట్ల దగ్గరా చేతి స్కానర్లతో మనుషులను వరుసల్లోకి ముందే పంపాలి. కరుణాపురం మలుపుకు కిలోమీటరు ముందే ‘ములుగు, పరకాల వాహనాలు ఇటు’ అని రాత్రిపూట కూడా కనిపించే పెద్ద బోర్డు పెట్టాలి. ఈ వివరాలను పండుగకు వారం ముందే పత్రికలకు ఇవ్వాలి. సద్దుల నాటి పొద్దున ఇస్తే అప్పటికే జనం ఉప్పల్‌లో ఉంటారు.

– ఒక పాఠకుడు, హనుమకొండ